మెట్ట తాబేళ్ళ తవ్వకం, ఆవాసం

నీటిలో కాక నేలపై జీవించే తాబేళ్ళను మెట్ట తాబేళ్ళు అంటారు. ఇవి కాళ్ళతో నేలను గోకి పడకలు, గుంటలు, బొరియలు చేసుకుంటాయి. ఎండ నుండి, చలి నుండి, దాహం నుండి తమను కాపాడుకోవడానికీ, గుడ్లను దాచడానికీ వీటికి ఉన్న ప్రధాన సాధనం ఈ తవ్వకమే. ఇంటిలో పెంచే తాబేలు పెరటిని పాడుచేస్తున్నదనీ, పారిపోవాలని చూస్తున్నదనీ యజమానులు తరచుగా ఫిర్యాదు చేస్తుంటారు. అది నిజానికి తనకు కావలసిన ఇంటిని తానే కట్టుకొనే ప్రయత్నం చేస్తుంటుంది. ఈ వ్యాసంలో తవ్వే స్వభావం, దానికి తగిన ఆవాసం, భారతదేశంలో తాబేళ్ళ పెంపకంపై ఉన్న చట్టాలు వివరించబడినవి. ఉదాహరణలు ముఖ్యంగా నల్గొండ జిల్లాలోని హాలియా, మిర్యాలగూడ, సూర్యాపేట జిల్లాలోని సూర్యాపేట, కోదాడ పరిసరాలకు సంబంధించినవి.

పేరు, రకాలు

తెలుగులో నేలపై తిరిగే దానినీ, నీటిలో ఈదే దానినీ తాబేలు అనే ఒకే మాటతో పిలుస్తారు. కావ్యభాషలోని కూర్మము, కచ్ఛపము, కమఠము అనే పదాలు కూడా ఈ భేదాన్ని చూపవు. ఆంగ్లంలో ఈ రెండింటికి వేర్వేరు పేర్లున్నాయి. ఇది కేవలం భాషకు సంబంధించిన విషయం కాదు. తాబేలు అనగానే నీటి జంతువు అనుకొని, పొలంలో దొరికిన మెట్ట తాబేలును కాలువలోనో, బావిలోనో, కోనేటిలోనో వదిలితే అది మునిగి చనిపోతుంది. అలాగే నీటి తాబేలును పొడి పెట్టెలో ఉంచితే ఎండిపోతుంది.

రెండింటిని కాళ్ళను బట్టి సులభంగా గుర్తించవచ్చు. మెట్ట తాబేలు కాళ్ళు చిన్న ఏనుగు కాళ్ళవలె గుండ్రంగా, మొద్దుగా ఉంటాయి. వేళ్ళ మధ్య పొర ఉండదు. ముందు కాళ్ళు కొంచెం చదునుగా, గట్టి పొలుసులతో పారవలె ఉంటాయి. పై చిప్ప బోర్లించిన గిన్నెవలె ఎత్తుగా ఉంటుంది. నీటి తాబేలు చిప్ప చదునుగా, వేళ్ళు పొరతో కలిసి తెడ్డువలె ఉంటాయి.

తెలుగు ప్రాంతాలలో సహజంగా కనిపించే మెట్ట తాబేలు నక్షత్ర తాబేలు. దీని శాస్త్రీయ నామం జియోకెలోన్ ఎలిగాన్స్. నల్లని పై చిప్ప మీద ప్రతి ఫలకం నడుమనుండి పసుపు చారలు నక్షత్రంవలె విచ్చుకొని ఉండడంతో దీనికి ఆ పేరు వచ్చింది. ఇది గుజరాత్, రాజస్థాన్‌ల నుండి పాకిస్తాన్‌లోని సింధ్ వరకు, దక్షిణాన ఆంధ్ర ప్రదేశ్, తమిళనాడు, కర్ణాటకలలోని పొడి ప్రాంతాలలో, శ్రీలంకలో నివసిస్తుంది. నల్లమల వంటి పొడి అడవులు, ముళ్ళపొదలు, గడ్డి బీళ్ళు దీనికి అనువైన చోట్లు. ఆడవి మగవాటికంటె పెద్దవి.

పెంపుడు జంతువుల వ్యాపారంలో కనిపించే విదేశీ మెట్ట తాబేలు సల్కాటా. ఇది ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉండే సాహెల్ ప్రాంతానికి చెందినది. అక్వేరియం దుకాణాలలో గాజు తొట్లలో అమ్మే ఎర్ర చెవుల తాబేలు అమెరికాకు చెందిన నీటి తాబేలు. దానికి ఈత నీరు తప్పనిసరి. అయితే గుడ్లు పెట్టడానికి దానికి కూడా ఒడ్డున మట్టి కావాలి. ఈ సంగతి తెలియక అనేకులు దానిని జీవితమంతా గాజు తొట్టిలోనే ఉంచుతారు.

ఎందుకు తవ్వుతాయి

తాబేలు శీతల రక్త జంతువు. మనిషివలె చెమట పట్టించి శరీరాన్ని చల్లబరచుకోలేదు, ఆహారం అరిగించి వేడిని నిలుపుకోలేదు. ఎండలోకి రావడం, నీడకు పోవడం, నేలలోకి దిగడం, ఈ మూడే దాని ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే మార్గాలు. శరీర ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దాటితే దానికి ప్రాణాపాయం. నల్గొండ జిల్లాలో మే నెలలో గాలి ఉష్ణోగ్రతే 45 డిగ్రీల వరకు పోతుంది. ఎండ తగిలే నేల అంతకంటె ఎక్కువగా కాలుతుంది. కాని నేల ఉపరితలం ఎంత కాలినా, అడుగు లోతున పగటికి రాత్రికి మధ్య ఉష్ణోగ్రత తేడా చాలావరకు తగ్గిపోతుంది. మట్టి వేడిని మెల్లగా లోపలికి పంపుతుంది, అంతే మెల్లగా వదులుతుంది. తాబేలు తవ్వకం ఈ సూత్రం మీద ఆధారపడి ఉన్నది.

రెండవ కారణం నీరు. బయటి గాలి పొడిగా ఉన్నప్పుడు కూడా మట్టి లోపలి గాలిలో తేమ నిలిచి ఉంటుంది. బొరియలో ఉన్న తాబేలు ఊపిరి ద్వారా, చర్మం ద్వారా కోల్పోయే నీరు తగ్గుతుంది. మెట్ట తాబేళ్ళు మూత్రాశయంలో కూడా నీటిని నిలవ చేసుకొని కరువు రోజులలో తిరిగి వాడుకోగలవు. భయపడినప్పుడు అవి ఆ నీటిని ఒక్కసారిగా వదిలివేస్తాయి. ఎండాకాలంలో తాబేలును ముచ్చటకు చేతిలోకి ఎత్తుకొంటే, అది వారాల తరబడి దాచుకొన్న నీటిని పారబోసుకోవచ్చు.

మూడవది దాగుకోవడం. పిల్ల తాబేళ్ళ చిప్ప మెత్తగా ఉంటుంది. కాకి, ముంగిస, కుక్క, ఎలుక వంటివి వాటిని సులభంగా చంపగలవు. అందుచేత పిల్లలు పగటిలో ఎక్కువ భాగం ఆకుల కింద, మెత్తని మట్టిలో సగం పూడుకొని ఉంటాయి. వాటిని మాటిమాటికి బయటకు తీసి చూడడం మంచిది కాదు.

నాల్గవది సంతానం. మెట్ట తాబేళ్ళు చాలావరకు మట్టిలోనే గుడ్లు పెడతాయి.

తవ్వకాన్ని అర్థం చేసుకోవడం

తాబేలు ఏ కాళ్ళతో తవ్వుతున్నదో గమనిస్తే దాని అవసరం చాలావరకు తెలిసిపోతుంది. ముందు కాళ్ళతో తవ్వుతుంటే అది ఆశ్రయం కోసం. వెనుక కాళ్ళతో తవ్వుతుంటే అది గుడ్ల కోసం.

ఆశ్రయం కోసం తవ్వే తాబేలు ముఖాన్ని పొదవైపు లేదా గోడవైపు పెట్టి, ముందు కాళ్ళను ఒకదాని తరువాత ఒకటి ఆడిస్తూ మట్టిని పక్కలకు, వెనుకకు నెడుతుంది. నక్షత్ర తాబేలు వంటివి చిప్ప మందంలో సగం దిగేంత పల్లం చేసుకొని అందులో పడుకొంటాయి. దీనిని పడక అనవచ్చు. బొరియ తవ్వే జాతులైతే అంతటితో ఆగక లోపలికి సాగిపోతాయి.

గుడ్లు పెట్టే ఆడ తాబేలు ప్రవర్తన వేరుగా ఉంటుంది. కొన్ని రోజుల ముందునుండి అది మేత తగ్గిస్తుంది, నిలకడ లేక తిరుగుతుంది, నేలను వాసన చూస్తుంది. అక్కడక్కడ కొంచెం తవ్వి వదిలివేస్తుంది. చోటు కుదిరిన తరువాత మూత్రాశయంలోని నీటిని వదిలి మట్టిని నానబెడుతుంది. ఆ పైన వెనుక కాళ్ళను మార్చి మార్చి వాడుతూ, అడుగున వెడల్పుగా మూతి దగ్గర సన్నగా ఉండే కూజా ఆకారపు గుంట చేస్తుంది. తాను తవ్వుతున్న గుంటను అది ఒక్కసారి కూడా చూడదు, పని అంతా వెనుక పాదాల స్పర్శతోనే సాగుతుంది. నక్షత్ర తాబేలు గుంట సుమారు జానెడు లోతు ఉంటుంది. ఒక్కొక్క గుడ్డు జారినప్పుడల్లా దానిని కాలితో సర్ది, చివరకు మట్టి కప్పి, అడుగు చిప్పతో అదిమి చదును చేస్తుంది. ఈ పనికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఆ సమయంలో దానిని కదిలించరాదు. నక్షత్ర తాబేలు ఒకసారికి 1 నుండి 10 వరకు గుడ్లు పెడుతుంది. నేల వేడినిబట్టి, తేమనుబట్టి అవి పొదగడానికి రెండు నెలలలోపు నుండి ఆరు నెలల వరకు పట్టవచ్చు. పిల్ల ఆడదా మగదా అన్నది కూడా మట్టి వేడిమీదనే ఆధారపడుతుంది. వేడి ఎక్కువైతే ఆడ పిల్లలు, తక్కువైతే మగ పిల్లలు ఎక్కువగా పుడతాయి.

ఈ రెండూ కాక మూడవ రకం ఒకటి ఉన్నది. తాబేలు ఒకే మూలలో గోడను గోకుతూ, ఎక్కబోతూ, పడుతూ రోజంతా గడుపుతుంది. ఇది తవ్వకం వలె కనిపించినా తవ్వకం కాదు. చోటు ఇరుకుగా ఉండడం, నీడ లేకపోవడం, గోడ అవతలిది కనిపించడం, మరొక మగ తాబేలు వెంటబడడం దీనికి కారణాలు. గాజు తొట్టిలో ఉంచిన తాబేలు ఈ విధంగా చేయడం సర్వసాధారణం. దానికి గాజు అంటే ఏమిటో తెలియదు.

జాతుల మధ్య తేడాలు

అన్ని మెట్ట తాబేళ్ళు ఒకే విధంగా తవ్వవు. నక్షత్ర తాబేలు లోతైన బొరియలు తవ్వదు. గడ్డి దుబ్బుల నడుమ, పొదల మొదళ్ళలో పడక చేసుకొని ఎండ వేళ గడుపుతుంది. ఉదయం, సాయంత్రం మేస్తుంది. వానాకాలంలో చురుకుగా తిరుగుతుంది. దీనికి శీతాకాల సుప్తావస్థ లేదు. చలి దేశాల తాబేళ్ళ గురించి చదివి, దీనిని చలికాలంలో పెట్టెలో పెట్టి నిద్రపుచ్చాలని చూడడం ప్రమాదకరం. మధ్య ఆసియాకు చెందిన హోర్స్‌ఫీల్డ్ తాబేలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది ఏడాదిలో ఎక్కువ భాగం బొరియలోనే గడుపుతుంది. మండు వేసవిలో ఒకసారి, మంచు కాలంలో ఒకసారి సుప్తావస్థలోకి పోతుంది.

సల్కాటా తవ్వకంలో అసాధ్యురాలు. అది కొన్ని మీటర్ల పొడవైన సొరంగాలు చేయగలదు. ప్రధాన భూఖండాలపై నివసించే మెట్ట తాబేళ్ళలో ఇదే అతి పెద్దది. ద్వీపాలకు చెందిన గాలాపాగోస్, అల్డాబ్రా తాబేళ్ళు మాత్రమే దీనికంటె పెద్దవి. అమ్మేటప్పుడు అరచేతిలో ఇమిడే ఈ పిల్ల పెరిగి 45 కిలోలు, కొన్ని మగవి అంతకు రెట్టింపు బరువు తూగుతాయి. ప్రహరీ గోడ పునాది కిందనుండి తవ్వుకొని పొరుగింటిలో తేలడం దానికి కష్టమేమీ కాదు. అపార్ట్‌మెంటు బాల్కనీలో దీనిని పెంచదలచినవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలలోని గోఫర్ తాబేలు బొరియలు సగటున నాలుగు మీటర్లకు పైగా పొడవు, రెండు మీటర్ల లోతు ఉంటాయి. కప్పలు, పాములు, ఎలుకలు, కీటకాలు కలిపి 350కి పైగా జాతులు ఆ బొరియలను వాడుకొంటాయి. ఫ్లోరిడా రాష్ట్రంలో తాబేలునే కాక దాని బొరియను కూడా అనుమతి లేకుండా చెడగొట్టడం నేరం. ఇల్లు కట్టుకొనేవారు ముందుగా అనుమతి తీసుకొని తాబేలును వేరొక చోటికి తరలించాలి.

హాలియా పరిసరాలలో

హాలియా, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతాలు చాలావరకు నాగార్జున సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్నాయి. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగష్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలింది. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. అంతవరకు మెట్ట పంటలు, బీళ్ళు, చెరువులతో ఉన్న ఈ ప్రాంతంలో కాలువల తరువాత వరి విస్తరించింది. తాబేళ్ళ దృష్టితో చూస్తే ఇది పెద్ద మార్పు. పొడి బీళ్ళలో బ్రతికే జీవికి చోటు తగ్గింది, నీటిలో బ్రతికే జీవికి చోటు పెరిగింది.

అందుచేత ఇక్కడి పొలాలలో, చెరువులలో, పిల్ల కాలువలలో సాధారణంగా కనిపించేది నీటి తాబేలు. దీని శాస్త్రీయ నామం లిస్సెమిస్ పంక్టాటా. మెత్తని చిప్ప గల ఈ తాబేలు అడుగు చిప్పకు వెనుకవైపున తలుపు రెక్కల వంటి మడతలు ఉంటాయి. కాళ్ళు లోపలికి ముడుచుకొన్నప్పుడు ఆ రెక్కలు మూసుకొంటాయి. ఇది కూడా తవ్వే జీవియే. చెరువు ఎండినప్పుడు, కాలువ కట్టివేసినప్పుడు ఇది బురదలోకి దిగి, పైన మట్టి ఎండి బీటలు వారినా లోపల కదలకుండా తరువాతి నీటికోసం ఎదురు చూస్తుంది. పాఠ్యపుస్తకాలలో దీనినే గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. చెరువులలో పూడిక తీసేటప్పుడు మట్టిలో దాగిన ఇటువంటి తాబేళ్ళు బయటపడడం కద్దు. అవి చచ్చినవి కావు. వాటిని దగ్గరలో తడి ఉన్న చోట విడిచిపెట్టాలి.

నక్షత్ర తాబేలు విషయంలో నేల స్వభావం ముఖ్యం. నల్గొండ ప్రాంతంలో ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు ఎక్కువ. కొన్నిచోట్ల నల్లరేగడి ఉన్నది. చెలక నేలలో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి తాబేలు గోళ్ళకు సులభంగా లొంగుతుంది, తవ్విన గుంట కొంతసేపు నిలుస్తుంది, వాన నీరు ఇంకిపోతుంది. నల్లరేగడి తడిసినప్పుడు జిగురుగా కాళ్ళకు అంటుకొంటుంది. ఎండినప్పుడు రాయివలె గట్టిపడి పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళలో తేమ ఎగిరిపోయి గుడ్లు చెడిపోతాయి. ఈ రెండు నేలలను చూసిన రైతుకు తాబేలు ఆవాసానికి ఏ మట్టి పనికివస్తుందో వేరే చెప్పనవసరం లేదు.

గచ్చు నేల వలన నష్టాలు

ఇంటిలో పెంచే తాబేళ్ళకు వచ్చే జబ్బులలో చాలావాటికి మూలం మేతలో కాక నేలలో ఉన్నది. మిర్యాలగూడ, కోదాడ వైపు సున్నపురాయి నిక్షేపాలు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ముంగిలికి, పెరటికి గచ్చు చేయించడం ఇప్పుడు అక్కడ మామూలే. ఆ గచ్చు తాబేలుకు పనికిరాదు.

గచ్చుపై నడిచే తాబేలు గోళ్ళు, అడుగు చిప్ప అరిగిపోతాయి. నున్నని టైల్స్‌పై పిల్లల కాళ్ళు పక్కలకు జారి, కీళ్ళు వంకరపోతాయి. ఎండకు గచ్చు కాలి, తాబేలు దిగడానికి చోటు లేక వేడి దెబ్బకు గురవుతుంది. రాత్రి చల్లని బండపై పడుకోవడం వలన ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది. ముక్కునుండి నీరు కారడం, నోరు తెరచి ఊపిరి తీయడం దీని లక్షణాలు.

అన్నిటికంటె తీవ్రమైనది ఆడ తాబేలుకు వచ్చే కష్టం. మట్టి దొరకక అది గుడ్లను లోపలే ఆపుకొంటుంది. గుడ్లు పెరిగి, అతుక్కొని, లోపలనే పగిలి తాబేలు చనిపోయే ప్రమాదం ఉన్నది. కొన్ని తాబేళ్ళు చివరకు గుడ్లను గచ్చుమీదనే జార్చివేస్తాయి. అవి పగిలిపోతాయి, లేదా చీమల పాలవుతాయి. మగ తాబేలు తోడు లేకున్నా ఆడ తాబేలు గుడ్లు పెట్టగలదు. కనుక ఒంటరిగా ఉన్న తాబేలుకు ఈ ప్రమాదం లేదనుకోరాదు.

పై చిప్ప మీది ఫలకాలు గోపురాలవలె ఉబ్బి పెరగడం మరొక లోపం. దీనికి మాంసకృత్తులు ఎక్కువగా గల మేతే కారణమని చాలాకాలం భావించారు. సల్కాటా పిల్లలపై జరిపి 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో, గాలిలో తేమ తక్కువగా ఉన్నచోట పెరిగిన పిల్లలలో ఈ ఉబ్బు ఎక్కువగా ఉన్నదనీ, మేతలోని మాంసకృత్తుల ప్రభావం స్వల్పమనీ తేలింది. ఎడారి అంచున పుట్టిన జీవికి తేమ ఎందుకని సందేహం రావచ్చు. ఆ పిల్ల పెరిగేది ఎడారి ఎండలో కాదు, తేమ నిలిచిన మట్టి లోపల. పొడి ప్రాంతపు తాబేలు కాబట్టి పొడిగా ఉంచాలి అనుకోవడం పెంపకంలో అందరూ చేసే పొరపాటు.

ఆవాసం

తాబేలుకు ఉత్తమమైన ఇల్లు ఆరుబయట కంచె వేసిన మట్టి నేల. రెండు మూడు మధ్యతరహా తాబేళ్ళకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల చోటు కావాలి. ఎంత పెద్దదైతే అంత మంచిది. కంచె బయటిది కనిపించని విధంగా ఇటుకతో గాని, రాతితో గాని, చెక్కతో గాని ఉండాలి. ఇనుప వల కంచెలో తల, కాళ్ళు ఇరుక్కొంటాయి. కంచె నేలపైన తాబేలు చిప్ప పొడవుకు రెట్టింపు ఎత్తు ఉండాలి. నేల లోపలికి అడుగు లోతు దిగి ఉండాలి. సల్కాటాకు ఇది చాలదు, రెండు మూడు అడుగుల లోతు పునాది కావాలి. తాబేళ్ళు ఎక్కువగా తవ్వేది, ఎక్కేది మూలలలోనే. మూలలను గుండ్రంగా కట్టితే ఈ బాధ తగ్గుతుంది.

మట్టి విషయంలో రెండు పాళ్ళు చెలక మట్టి, ఒక పాలు ఇసుక కలిపిన మిశ్రమం బాగా నప్పుతుంది. రసాయన ఎరువులు, పురుగుమందులు చల్లిన పొలం మట్టిని వాడరాదు. పొడి ఇసుక ఒక్కటే పోస్తే తవ్విన గుంట నిలవదు, మేతతోపాటు ఇసుక కడుపులోకి పోయి పేగులలో చేరుతుంది. రంపపు పొట్టు, వరి ఊక కూడా మంచివి కావు. ఊక దుమ్ము కళ్ళకు, ముక్కుకు హాని చేస్తుంది. తడిస్తే బూజు పడుతుంది. పిల్లలకు కనీసం తమ చిప్ప పొడవంత లోతు మెత్తని మట్టి ఉండాలి. ఆడ తాబేలు ఉన్నచోట ఎండ తగిలే ఒక మూల అడుగు ఎత్తున మట్టి దిబ్బ పోసి, అప్పుడప్పుడు నీరు చల్లి, తవ్వితే కూలిపోకుండా అదిమి ఉంచాలి. దిబ్బకు దక్షిణపు వాలు ఉంటే ఉదయం నుండి వెచ్చదనం అందుతుంది.

నేలంతా ఒకే విధంగా ఉండడం మంచిది కాదు. కొంత ఎండ, కొంత నీడ, కొంత పొడి, కొంత తడి ఉండి, తనకు కావలసినది తాబేలే ఎంచుకోగలగాలి. బోర్లించిన సగం కుండ, మట్టి కప్పిన పెంకులు, గడ్డి దుబ్బులు దానికి చాలినంత ఆశ్రయమిస్తాయి. వేసవిలో సాయంత్రం పూట నీడ ఉన్న భాగంలో నీరు చల్లాలి. నీటి పళ్ళెం లోతు తక్కువగా, తాబేలు గడ్డం వరకు మాత్రమే నీరు వచ్చేటట్లు ఉండాలి. వెల్లకిలా పడితే రెండంగుళాల నీటిలో కూడా చిన్న తాబేలు మునిగిపోగలదు. వానాకాలంలో నీరు నిలవకుండా నేల వాలుగా ఉండాలి. లేకుంటే తవ్వుకొన్న గుంటే చెరువై తాబేలుకు ముప్పు తెస్తుంది. పిల్లలున్న ఆవరణపై వల కప్పాలి. చీమల పుట్టలు లేకుండా చూసుకోవాలి.

సల్కాటా వంటి బొరియ జీవికి యజమానే బొరియ కట్టి ఇవ్వడం మేలు. వెడల్పైన సిమెంటు గొట్టాన్ని వాలుగా పూడ్చి, పైన రెండు మూడు అడుగుల మట్టి పోసి, అడుగున గచ్చు లేకుండా వదిలితే అది అందులో స్థిరపడుతుంది, గోడల జోలికి తక్కువగా పోతుంది. తానే తవ్వుకొన్న సొరంగం వాన పడినప్పుడు కూలి తాబేలును పూడ్చివేసే అవకాశం ఉంది.

ఇంటి లోపల ఉంచవలసి వస్తే అతినీలలోహిత కిరణాలనిచ్చే ప్రత్యేక దీపం కావాలి. ఆ కిరణాలు లేనిదే తాబేలు శరీరంలో డి విటమిను తయారు కాదు, కాల్షియం ఎముకకు, చిప్పకు పట్టదు. కిటికీ గాజు ఈ కిరణాలను చాలావరకు ఆపివేస్తుంది. మేతగా గడ్డి, ఆకుకూరలు, కలుపు మొక్కలు చాలు. అన్నం, పాలు, రొట్టె పెట్టరాదు.

తాబేళ్ళ ఆయుర్దాయాన్ని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో చాణక్య అనే గాలాపాగోస్ తాబేలు సుమారు 125 సంవత్సరాల వయస్సులో 2024 మార్చిలో మరణించింది. దానిని 1963లో బాగ్-ఎ-ఆమ్ నుండి అక్కడికి తెచ్చారు. సల్కాటాలు సైతం 70 ఏళ్ళకు పైగా బ్రతకగలవు. పిల్లవాని ముచ్చటకు కొన్న తాబేలు ఆ పిల్లవాని మనుమల కాలం వరకు ఉండవచ్చు.

చట్టం

భారతదేశంలో నక్షత్ర తాబేలును ఇంటిలో పెంచడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదట నాల్గవ షెడ్యూల్‌లో ఉండేది. 2022లో ఆమోదించబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణతో ఇది మొదటి షెడ్యూల్‌లో చేరింది. పైన చెప్పిన నీటి తాబేలు కూడా మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నది. మొదటి షెడ్యూల్ జంతువులను పట్టడానికి, చంపడానికి, అమ్మడానికి మూడు నుండి ఏడు సంవత్సరాల జైలు శిక్ష, కనీసం 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. పొలంలో దొరికిందనీ, కొనలేదనీ చెప్పడం చట్టం ముందు చెల్లదు.

అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో నక్షత్ర తాబేలును 2019లో రెండవ అనుబంధం నుండి మొదటి అనుబంధానికి మార్చారు. దీనికి కారణం దొంగ రవాణా. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం భారతదేశంలోని ఒకే ఒక సేకరణ కేంద్రం ద్వారా ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు తరలిపోతున్నాయి. వాటిలో పిల్లలే ఎక్కువ. కాళ్ళు కదలకుండా చుట్టి, సూట్‌కేసులలో కుక్కి విదేశాలకు పంపే ఈ తాబేళ్ళలో అనేకం దారిలోనే చనిపోతాయి. దొరికినవాటిని వెంటనే అడవిలో వదలడం కూడా సులభం కాదు. అవి ఏ ప్రాంతానివో తెలియదు, వాటి ద్వారా అడవి తాబేళ్ళకు జబ్బులు అంటుకోవచ్చు. సింగపూర్‌లో పట్టుబడిన 51 తాబేళ్ళను 2018 నవంబరులో విమానంలో బెంగుళూరుకు తిరిగి తెచ్చి, పరీక్షల కోసం కొంతకాలం విడిగా ఉంచవలసి వచ్చింది.

తాబేలు ఇంట ఉంటే సిరి కలుగుతుందన్న నమ్మకం ఈ వ్యాపారానికి ఊతమిస్తున్నది. విచిత్రమేమంటే, తాబేలు ఇంటిలోకి వస్తే అరిష్టమన్న నమ్మకం కూడా తెలుగునాట ఉన్నది. విష్ణువు కూర్మావతారాన్ని ప్రధాన దైవంగా కొలిచే శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో నక్షత్ర తాబేళ్ళను పవిత్రంగా భావించి ప్రాంగణంలో సంరక్షిస్తున్నారు.

సల్కాటా వంటి విదేశీ తాబేళ్ళ విషయం వేరు. సైటిస్ అనుబంధాలలో ఉన్న విదేశీ జంతువులు గలవారు వాటిని నమోదు చేయించుకోవాలని 2022 సవరణ చెబుతున్నది. దీనికి నియమాలు 2024 ఫిబ్రవరిలో వెలువడ్డాయి. దరఖాస్తును పరివేష్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి పంపాలి. జంతువు చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి. దుకాణదారు ఇచ్చే రశీదు నమోదు పత్రం కాదు.

తాబేలు కనబడితే

రోడ్డు దాటుతున్న మెట్ట తాబేలును అది ఏ దిక్కుకు పోతున్నదో ఆ దిక్కున, రోడ్డు అంచుకు అవతల వదలాలి. వెనుకకు తెచ్చి వదిలితే అది మళ్ళీ రోడ్డు ఎక్కుతుంది. రెండు చేతులతో చిప్ప పక్కలు పట్టుకొని, నేలకు దగ్గరగా, తలకిందులు చేయకుండా మోయాలి. నీటిలో వేయరాదు.

గాయపడిన తాబేలును, లేదా ఇంతకు ముందే ఇంటిలో ఉంచుకొన్న నక్షత్ర తాబేలును అటవీ శాఖవారికి అప్పగించాలి. హాలియా, మిర్యాలగూడవారు నల్గొండ జిల్లా అటవీ అధికారికి, కోదాడవారు సూర్యాపేట జిల్లా అటవీ అధికారికి తెలియజేయవచ్చు. పగిలిన చిప్పను శుభ్రమైన తడి గుడ్డతో కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో మట్టి పరచి, నీడలో ఉంచి తీసుకుపోవాలి. చిప్పకు ఎముక, రక్తనాళాలు, నరాలు ఉంటాయి. దానికి జిగురు పూయడం, రంగు వేయడం, రంధ్రం చేసి తాడు కట్టడం తాబేలును తీవ్రంగా బాధిస్తాయి. దున్నేటప్పుడు గాని, తవ్వేటప్పుడు గాని తాబేలు గుడ్లు బయటపడితే వాటిని అటూ ఇటూ తిప్పకుండా, పైవైపు పైకే ఉండేటట్లు అదే మట్టితో తిరిగి కప్పివేయాలి. కోడిగుడ్లవలె వాటిని తిప్పితే లోపలి పిండం చనిపోవచ్చు.